నురగమ్మ ఎర్ర కుల్లాయి

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం వాకిటిదాకా వచ్చి తొంగిచూసి పోయే ఊళ్ళో... ఉండు బుల్లీ. ముందు ఆ బొమ్మల పుస్తకం మూసి పక్కన పెట్టు. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, లేచి వెతికే ఓపికా లేదు. పొద్దున్నించి ఈ రెండు కాళ్ళూ నేలమీదే ఉన్నాయి. బొమ్మలు చూశాను, చాలు.

ఏ దేశందన్నావు? ఐర్లాండా? ఎక్కడో చలిదేశమై ఉంటుంది, బొమ్మల్లో అందరూ కంబళ్ళు కప్పుకుని ఉన్నారు. అయితే బండమీద కూర్చుని తల దువ్వుకుంటున్న ఆ పిల్ల ఉందే, పక్కన ఆ ఎర్ర టోపీ ఉందే, ఆ రెండిటినీ నేనెరుగుదును. ఆ టోపీని మనం కుల్లాయి అంటాం. ఆ కథ మన ఒడ్డున కూడా ఉంది. కాళ్ళు కొంచెం నొక్కుతూ ఉండు, చెప్తాను. ఊఁ కొట్టడం మాత్రం మానకు.

ఆ ఊరు గవ్వలపాలెం అనుకో. ఆ ఊళ్ళో దానయ్య అని ఒక జాలరి ఉండేవాడు. అతనికి అమ్మా లేదు, నాన్నా లేడు. ఒక తాటాకిల్లు, ఒక తెప్ప, ఒక వల, అంతే. చుట్టమంటూ ఉన్నది పక్కింటి నూకాలు ఒక్కతే. ఆవిడ దానయ్య వాళ్ళమ్మకి అక్క, అంటే అతనికి పెద్దమ్మ.

పొద్దున్నే వేటకి వెళ్ళేవాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి తన గంజి తనే కాచుకునేవాడు, తన గిన్నె తనే కడుక్కునేవాడు. ఆ తర్వాత గడపలో కూర్చుని సముద్రం వైపు చూసేవాడు. ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. మనిషి మంచివాడే. ఈ సంగతి ముందే చెప్తున్నాను, ఇంకాసేపటికి నువ్వు అతన్ని తిడతావు కాబట్టి.

ఒకరోజు వేటనించి వస్తుంటే, ఊరి చివర నల్లబండల మీద ఎవరో కూర్చున్నట్టు కనపడింది. దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేరు. బండ మాత్రం తడిగా ఉంది.

ఆ తర్వాత ఇంకోరోజు మళ్ళీ కనపడింది. ఈసారి మొహం కూడా కనపడింది. నెత్తిమీద ఎర్ర కుల్లాయి. తెప్ప తిప్పేలోపల బుడుంగుమని మునిగిపోయింది.

మూడోసారి దానయ్య తెలివిగా తెప్పని దూరంగా ఒడ్డుకి లాగేసి, బండల వెనకనించి నడిచి వెళ్ళాడు. ఆ పిల్ల కుల్లాయి తీసి పక్కన పెట్టుకుని జుట్టు చిక్కు తీసుకుంటోంది. కుల్లాయి నెత్తినుంటే ఎవరు మాత్రం తల దువ్వుకోగలరు?

అప్పుడు దానయ్యకి చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ గుర్తొచ్చింది. సంద్రపు మనుషులకి ఎర్ర కుల్లాయి ఉంటుందనీ, అది లేకపోతే వాళ్ళు నీళ్ళలోకి తిరిగి వెళ్ళలేరనీ ఆవిడ చెప్పింది. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పింది. కానీ దానయ్య అక్కడికే నిద్రపోయాడు. సగం కథ విని పడుకునే పిల్లలతో వచ్చే చిక్కే ఇది. నిన్ను అనడం లేదులే.

దానయ్య చెయ్యి చాచి కుల్లాయి తీసి రొండిన దోపుకున్నాడు. అంతే, దొంగతనం అంత తేలిగ్గా అయిపోయింది.

ఆ పిల్ల జుట్టు ముడేసుకుని కుల్లాయి కోసం చెయ్యి పెట్టింది. లేదు. అప్పుడు కంగారుపడి సముద్రంలోకి దూకింది. అల తెచ్చి ఒడ్డున పడేసింది. మళ్ళీ దూకింది. మళ్ళీ తెచ్చి పడేసింది. మూడోసారి దూకింది, మూడోసారీ అదే జరిగింది. ఇక దూకే ఓపిక లేక ఇసకలో కూర్చుండిపోయింది.

అప్పుడు దానయ్య ఏమీ ఎరగనట్టు బండల చాటునించి వచ్చాడు.

"ఎవరి పిల్లవే నువ్వు? ఇలా తడిసిపోయావు. మా ఇంటికి రా, ఏడిగా గెంజి తాగుదువుగాని," అన్నాడు.

ఆకలేసిన మనిషికి గంజి మాట వినపడితే ఏం చేస్తుంది? లేచి వెంట వచ్చింది. ఆమె గంజి తాగుతుంటే, దానయ్య కుల్లాయిని దూలానికీ తాటాకుకీ మధ్య దోపేశాడు. కిందనించి చూస్తే ఆకు తప్ప ఏమీ కనపడదు.

ఆ పిల్ల అసలు పేరు మన నోటికి తిరిగేది కాదు. అందుకని దానయ్యే నురగమ్మ అని పేరు పెట్టాడు. వీధిలో వాళ్ళకి అవతలి రేవు పిల్ల అని చెప్పాడు.

"ఏటి పేరురా అది?" అంది నూకాలు. అన్నా కూడా, పసుపు కొట్టింది, పెళ్ళి చేసింది.

నురగమ్మకి ఇష్టం లేకుండా జరిగిందా అంటావేమో. ఇష్టం లేకపోలేదు. అతని మాట మెత్తన. కొట్టడు, తిట్టడు, ఉన్న చేపలో పెద్దముక్క ఆమెకే పెడతాడు. అలాంటివాడి మీద ఇష్టం పుట్టడం వింతేమీ కాదు. కాకపోతే ఆ ఇష్టానికి అడుగున ఒక అబద్ధం ఉంది, అది ఆమెకి తెలుస్తూనే ఉంది.

మొదటి రోజు పడుకున్నప్పుడు నురగమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"ఏటి, నిదర రాలేదా?" అన్నాడు దానయ్య.

"నా కుల్లాయేదీ? అది పెట్టుకోకపోతే నాకు నిదర రాదు."

దానయ్య మనసులో నవ్వుకున్నాడు. పారిపోవడానికి ఈ పిల్ల భలే ఎత్తు వేసిందే అనుకున్నాడు. తను విన్న సగం కథలో నిద్ర ఊసే లేదు మరి. "నీ కుల్లాయి అల అట్టుకుపోయింది. కొత్త సోటు గదా, అందుకే నిదర రాలేదు. అలవాటవుద్దిలే," అని అటు తిరిగి పడుకున్నాడు.

అలవాటవలేదు. అలవాటు కావడానికి అదేమన్నా కారం తినడమా?

కొన్నాళ్ళకి నురగమ్మ మళ్ళీ అడిగింది. "గెద్ద ఎత్తుకుపోయింది," అన్నాడు.

"అల అట్టుకుపోయిందన్నావు గదా."

"అల తెచ్చి ఒడ్డున పడేసింది. అప్పుడు గెద్ద ఎత్తుకుపోయింది."

అబద్ధానికి ఎప్పుడూ ఇదే తంటా, వెనకాలే ఇంకోటి రావాలి. మూడోసారి అడిగినప్పుడు, "నన్నడక్కు," అన్నాడు.

ఆ తర్వాత నురగమ్మ అడగడం మానేసింది. కోపమొచ్చి కాదు బుల్లీ. అడిగి అడిగి అలిసిపోయిన ఆడది అడగడం మానేస్తుంది. పక్కవాళ్ళు అది చూసి, అలవాటు పడిపోయింది అనుకుంటారు.

అలా ఏడాది తిరిగింది. ఒక ఆడపిల్ల పుట్టింది. పైడి అని పేరు పెట్టారు. పిల్ల కాలివేళ్ళ మధ్య పల్చగా, ఉల్లిపొర లాగా చర్మం ఉండేది. నూకాలు స్నానం పోస్తూ ఆ వేళ్ళు చూసింది, కోడలి మొహం చూసింది, మళ్ళీ నీళ్ళు పోసింది.

నురగమ్మ జోల పాడితే పైడి నిద్రపోయేది. దానయ్య నిద్రపోయేవాడు. గుమ్మంలో కుక్క కూడా నిద్రపోయేది. పాడినావిడ మాత్రం మేలుకునే ఉండేది. అందరినీ పడుకోబెట్టి, చీకట్లో ఒక్కతే కూర్చుని పొద్దుకోసం చూసేది. పొద్దు పొడవగానే నీళ్ళు తేవాలి, గంజి కాయాలి, చేపలు ఎండెయ్యాలి, పిల్లని చూసుకోవాలి. నిద్ర రాలేదని పని ఆగదు కదా.

కళ్ళకింద నలుపు వచ్చింది. చెంపలు పీక్కుపోయాయి. వీధిలో ఆడవాళ్ళు జాలిపడ్డారు. ఒకావిడ నువ్వులనూనె తెచ్చి మాడుకి అంటింది. చల్లగా హాయిగా ఉందంది నురగమ్మ, నిద్ర మాత్రం రాలేదు. ఇంకొకావిడ గసగసాలు నూరి పాలలో కలిపి తాగించింది. ఆ పాలు తాగితే గుర్రమైనా పడుకుంటుందట, నురగమ్మ పడుకోలేదు. చివరికి నూకాలే వచ్చి కోడలి తల తన ఒళ్ళో పెట్టుకుని జోకొట్టింది. జోకొట్టి జోకొట్టి నూకాలే గురకపెట్టింది. నురగమ్మ కదలకుండా పడుకుంది, పెద్దావిడ నిద్ర చెడుతుందని.

నవ్వకు, పాపం.

ఇప్పుడు ఇంటి సంగతి విను. గవ్వలపాలెంలో ఒక పద్ధతి ఉండేది. ఏటా రోహిణి ఎండల్లో, వానలు దిగకముందే, వీధి మొత్తం కలిసి ఒక్కో ఇల్లూ కప్పేవాళ్ళు. పాత తాటాకు విప్పి పారేసి కొత్తది వేసేవాళ్ళు. ఎవరింటికి వాళ్ళు కూలీలని పెట్టుకోవడం లేదు. ఇవాళ మీ ఇల్లు, రేపు మా ఇల్లు. విప్పిన కప్పు దీపాలవేళలోగా మళ్ళీ మూసెయ్యాలి. కప్పులేని ఇంట్లో దీపం పెట్టకూడదని వాళ్ళ పట్టింపు.

ఆ ఏడు వీధంతా పాటలు పాడుకుంటూ తాటాకు మోపులతో దానయ్య ఇంటిముందుకి వచ్చింది. దానయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. కప్పు విప్పితే కుల్లాయి అందరి కళ్ళా పడుతుంది. "అమ్మోరికి మొక్కుకున్నాను. ఈ ఏడు కప్పు ఇప్పనని," అన్నాడు. అమ్మవారి పేరు చెప్పాక ఎవరేమంటారు? వెళ్ళిపోయారు.

మరుసటేడు కూడా మొక్కే. ఆ పై ఏడూ మొక్కే.

"ఇదేం మొక్కురా? నెత్తిమీద వాన పడాలని ఎవరన్నా మొక్కుతారేటి?" అంది నూకాలు. దానయ్య విననట్టు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

మొదటేడు వానకి పొయ్యి మీద కారింది. నురగమ్మ పొయ్యి జరిపింది. రెండో ఏడు వల పెట్టిన మూల కారింది. వల జరిపింది. మూడో ఏడు పైడి పడుకునే చాప మీద కారింది. పిల్లని ఎక్కడికి జరిపినా అక్కడే చుక్క పడేది. ఉన్న కుండలన్నీ కారే చోట్ల పెట్టి, రాత్రంతా ఒక్కో కుండా తీసుకెళ్ళి బయట పారబోస్తూ తిరిగేది నురగమ్మ. ఎలాగూ మేలుకునే ఉంటుంది కదా అని దానయ్య పడుకునేవాడు. ఇదిగో, ఇక్కడ నాకు వాడిమీద కోపమొస్తుంది. మిగతాదంతా క్షమించవచ్చు గానీ ఇది మటుకు నా వల్ల కాదు.

ఆ తర్వాత నురగమ్మ పనుల్లో పొరపాట్లు చెయ్యడం మొదలుపెట్టింది. పులుసులో ఉప్పు వేసి, వేశానో లేదో అని మళ్ళీ వేసేది. నీళ్ళకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని నిలబడేది. ఎండలో ఆరేసిన చేపలు ఎత్తడం మర్చిపోతే అవి వానకి తడిసి పురుగు పట్టాయి. దానయ్య ఏమీ అనలేదు. అనకపోవడమే మంచితనం అనుకున్నాడు.

మళ్ళీ రోహిణి వచ్చింది. వీధిలో తాటాకు మోపులు దిగాయి. దానయ్య వేటకి వెళ్ళాడు. నురగమ్మ ఒడ్డున చేపలు ఆరేసి, కాకులు రాకుండా కాపలా కూర్చుంది. పక్కనే పైడి ఇసకలో గూళ్ళు కడుతోంది. పిల్ల దూరం పోకుండా తన చీర కొంగు పిల్ల చేతికి కట్టింది. అన్ని జాగర్తలూ తీసుకుంది చూడు.

సముద్రం పోటు మీద ఉంది. ఒక అల వచ్చి గూళ్ళు చెరిపింది. ఇంకో అల వచ్చి పైడి మోకాళ్ళదాకా తడిపింది. పిల్ల నవ్వింది. మూడో అల వచ్చి పిల్లని పడేసి ఈడ్చుకుపోయింది. కొంగు ముడి ఊడిపోయింది.

నురగమ్మ అటే చూస్తోంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కదల్లేదు.

అదృష్టం బాగుండి నూకాలు అటే వస్తోంది. ఆవిడ వయసు మర్చిపోయి పరిగెత్తి, నడుంలోతు నీళ్ళలో దిగి పిల్లని జుట్టుపట్టుకుని బయటికి లాగింది. వీపు చరిచి నీళ్ళు కక్కించింది. పైడి గట్టిగా ఏడ్చింది.

ఆ ఏడుపు విని నురగమ్మ ఉలిక్కిపడి, "ఏటైంది?" అంది.

"ఏటైందంటావేటే? నీ ఎదరే గదా పిల్ల కొట్టుకుపోయింది."

నురగమ్మ పిల్లని చూసింది. తడిసిన కొంగు చూసుకుంది. అప్పుడు, ఆ ఊరొచ్చాక మొట్టమొదటిసారి, ఏడ్చింది. "సూస్తూనే ఉన్నాను పెద్దమ్మా. నాకు అవుపడలేదు," అంది. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది.

నిద్రలేని కళ్ళు అంతే బుల్లీ. తెరుచుకుని ఉంటాయి గానీ వాటి వెనక మనిషి ఉండదు.

దానయ్య వేటనించి వచ్చాడు. నూకాలు జరిగింది చెప్పింది. దానయ్య పైడిని ఒళ్ళోకి తీసుకుని చేతులు తడిమాడు, కాళ్ళు తడిమాడు, ఒళ్ళంతా తడిమాడు. ఆ తర్వాత నల్లబండల దగ్గర్నించి దూలం దాకా మొత్తం పెద్దమ్మకి చెప్పేశాడు. వీధిలో వాళ్ళు కూడా చుట్టూ చేరి విన్నారు.

నూకాలు వింది. వినేసి, "నేననుకుంటూనే ఉన్నాను, ఆ పిల్ల కాలేళ్ళు సూసిన్నాడే. కుల్లాయి నువ్వే దాసేవని మాత్రం ఎరగను. కుల్లాయి అడగలేదా అది నిన్ను?" అంది.

"అడిగింది. అది లేకపోతే నిదర రాదంది. ఎల్లిపోడానికి ఎత్తేసిందనుకున్నాను."

"ఎత్తు కాదురా ఎర్రిబాగులోడా. సంద్రంలో నీళ్ళు ఎప్పుడూ కదుల్తానే ఉంటాయి గదా. అందుకని ఆళ్ళు ఆ కుల్లాయి సెవులదాకా లాక్కుంటేనే నిదరోతారు. మీ అమ్మమ్మ సెప్పిన కతే. నువ్వు సగంలో తొంగున్నావు. నేను ఆకరిదాకా ఇన్నాను."

దానయ్య లెక్కపెట్టుకోలేదు, ఎన్ని రాత్రులో. లెక్కపెట్టుకుంటే తట్టుకోలేడు. లేచి ఇంటికి పరిగెత్తాడు. నురగమ్మా, వీధిలో వాళ్ళూ వెనకాలే వచ్చారు. నిచ్చెన కోసం ఆగలేదు, చూరు పట్టుకుని పైకెక్కాడు. నడినెత్తిన రోహిణి ఎండ. రెండు చేతుల్తో తాటాకు పీకి కింద పడేశాడు. ఆకు చివికి రాలిపోయింది. కుల్లాయి దొరికింది. ఇంకా తడిగానే ఉంది. సముద్రపు వస్తువు కదా, ఎక్కడ పెట్టినా ఆరదు. ఆ తడికే చుట్టూ ఆకంతా కుళ్ళి, ఇల్లు కారడం మొదలైంది.

దానయ్య కిందికి దిగి, రెండు చేతుల్తో నురగమ్మకి కుల్లాయి ఇచ్చాడు.  

ఆమె తీసుకుంది. నెత్తిన పెట్టుకుంది. చెవులదాకా లాక్కుంది. ఇక సముద్రం వైపు పరిగెడుతుందని అందరూ దారి వదిలారు. నురగమ్మ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఉన్నచోటే, ఇంటి గడపలోనే, చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగిపోయింది. నిద్రపోయింది.

అప్పుడు చూడాలి ఆ వీధిని. రోట్లో పోటు ఆగిపోయింది. కోళ్ళు అరుస్తుంటే బుట్టల కింద మూశారు. కుక్కకి ఎండుచేప పడేసి అవతలికి తోలారు. తెప్పలు లాగేవాళ్ళు హైలెస్సా అనకుండా ఊపిరి బిగపట్టి లాగారు. మీ అమ్మ రొయ్యల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే, నువ్వు గిన్నెలు వాయిస్తావు చూడు, అలా అక్కడ ఏ పిల్లా వాయించలేదు.

కానీ కప్పు విప్పేశాడుగా. దీపాలవేళలోగా మూసెయ్యాలి. ఇల్లు కప్పడమంటే మామూలుగా ఎంత గోల. పాటలు, కేకలు, అందుకో అంటే అందుకో. ఆ రోజు మాత్రం వీధంతా వరసగా నిలబడి, ఒక చేతినించి ఇంకో చేతికి తాటాకు అందించారు. ఎవరూ నోరు విప్పలేదు. తాళ్ళు కూడా మెల్లగా బిగించారు. తలకింద చెయ్యి పెట్టుకుని పడుకున్న మనిషి మీదుగా, ఒక్క ఆకు గలగలమనకుండా ఇల్లు కప్పేశారు. నా ఇంతటి వయసులో అలాంటి పని నేను చూడలేదు బుల్లీ. చూడాలని మాత్రం ఉంది.

దానయ్య ఆమె పక్కనే కూర్చున్నాడు. కుల్లాయి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. లాగేసుకుంటే ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది.

ఎండ వాలినప్పుడు ఒకసారి చెయ్యి చాచాడు. ఆమె కళ్ళకింద నలుపు చూసి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత పైడి వచ్చి, "అయ్యా, అమ్మ ఎల్లిపోద్దా?" అని చెవిలో అడిగింది. అప్పుడు రెండోసారి చాచాడు. వేళ్ళు కుల్లాయికి తగిలాయి కూడా. చల్లగా ఉంది. తీసేసుకున్నాడు చెయ్యి.

మూడోసారి, ఆమె నిద్రలో నవ్వింది. తన ఇంట్లో ఇన్నేళ్ళున్నా అలా నవ్వగా ఎప్పుడూ చూడలేదు. ఎవరిని చూసి నవ్విందో, ఏ నీళ్ళలో ఉందో. అప్పుడు చెయ్యి కుల్లాయి వైపుకి చాలా గట్టిగా లాగింది. దానయ్య తన రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చున్నాడు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాడు. అతనికి అది మేలుకున్న మొదటి రాత్రి.

మర్నాడు బాగా పొద్దెక్కాక నురగమ్మ కళ్ళు తెరిచింది. ముందు నెత్తి తడుముకుంది.

"ఉందే," అంది.

"ఉంది."

"నువ్వు తియ్యలేదు."

"తియ్యలేదు," అన్నాడు దానయ్య.

నురగమ్మ లేచి కూర్చుని అతన్ని పరీక్షగా చూసింది. నిద్ర తీరిన కళ్ళతో అతన్ని చూడడం ఆమెకి అదే మొదలు. అతని మొహమ్మీద ముడతలున్నాయని అప్పుడే తెలిసినట్టు చూసింది.

"నేనడిగిన్నాడే ఇచ్చుంటే, ఆ ఏళే తొంగొని, పొద్దున్నే లేచి నీకు గెంజి కాసేదాన్ని. ఎక్కడికీ ఎల్లేదాన్ని కాదు," అంది.

చూడు మరి.  పోతుందనే భయంతో దాచాడు. దాచకపోతే పోయేదే కాదట. ఇలాంటివి చివర్లోనే తెలుస్తాయి, అదేం ఖర్మమో.

"ఇప్పుడెల్లిపోతావా?" అన్నాడు దానయ్య.

"మా అమ్మకాడికి ఎల్తాను."

"నీకు అమ్మ ఉందా?"

"నువ్వెప్పుడూ అడగలేదు," అంది నురగమ్మ. తిట్టినట్టు అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

ముగ్గురూ కలిసి ఒడ్డుకి నడిచారు. దానయ్య కొంచెం వెనకగా నడిచాడు. నీళ్ళ అంచున పైడి అమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మమ్మ ఏం సేత్తంది అక్కడ?" అని అడిగింది.

"మేలుకుని ఉంటది. తల దువ్వుకోడానికి పైకెళ్ళిన పిల్ల ఇంటికి రాలేదు గదా. పిల్ల రాకపోతే ఏ తల్లికి నిదరొస్తది?"

"నువ్వెల్తే తొంగుంటదా?"

"తొంగుంటది."

పైడి కొంగు వదిలేసింది. ఎవరూ వదలమనలేదు. నురగమ్మ పిల్ల తల నిమిరి, కుల్లాయి చెవులదాకా లాక్కుని, నీళ్ళలోకి నడిచింది. ఈసారి అల ఆమెని తెచ్చి పడెయ్యలేదు. లోపలికి తీసుకుంది.

దానయ్య పిల్లని భుజాన వేసుకుని నిలబడ్డాడు. చూసి చూసి ఇంటికి వచ్చాడు. కొత్త తాటాకు వాసన వేస్తోంది ఇల్లంతా. ఒక్క చుక్క కారని ఇల్లు. ఆ ఇంట్లో తండ్రీ కూతురూ గంజి తాగి పడుకున్నారు.

తెల్లారి వేటకని జాలర్లు తెప్పలు తీశారు. ఒడ్డుకి వెళ్ళి నిలబడిపోయారు. సముద్రం చప్పుడు చెయ్యడం లేదు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ సముద్రం చప్పుడు లేని రోజు ఎరగరు. అలలు లేవు. నీళ్ళు మెల్లగా పైకి లేస్తున్నాయి, మెల్లగా దిగుతున్నాయి, పడుకున్న మనిషి గుండెలాగా.

నూకాలు వచ్చి చూసింది. నోటిమీద వేలు పెట్టింది.

"కూతురు ఇంటికొచ్చింది గదా, ఆ ముసల్ది తొంగుంది. ఎన్నాళ్ళయిందో ఏమో పాపం. ఎవలూ లేపకండి," అంది.

జాలర్లు తెప్పల్ని మళ్ళీ పైకి లాక్కున్నారు. ఆవేళ ఊళ్ళో ఎవరూ వేటకి వెళ్ళలేదు.

ఏమిటీ? మళ్ళీ రాలేదా అంటావా? ఇంకా మేలుకునే ఉన్నావన్నమాట. వచ్చింది బుల్లీ. వాళ్ళమ్మ నిద్ర లేచాక వచ్చింది.

కథ నడిచి నడిచి కంచికి చేరింది,
కుల్లాయి తడితడిగా తల్లిని చేరింది,
కునుకొచ్చి బుల్లిదాని కంటికి చేరింది,
అమ్మమ్మ నడుం ఇక మంచానికి చేరింది.